తెలివైన క్లిప్పు

ఆ బుధవారం పొద్దున్న సీఈఓ వేసుకున్న పథకంలో ఎక్కడా కష్టమన్నది లేదు. ఎనిమిదింటికి స్నానం. తొమ్మిదింటికి అద్దం ముందు ఒకసారి ప్రసంగం. పదకొండింటికి డాబా మీద ఇన్వెస్టర్ మేడమ్ ముందు అదే ప్రసంగం. పన్నెండు కల్లా ఆవిడ సరే అనడం. ఆ వెంటనే పాత ఆఫీసు మేనేజరుకి ఫోన్ చేసి, "మీ ఉద్యోగం మీ దగ్గరే ఉంచుకోండి సార్" అనడం. ఆ మాటలో మర్యాద ఎంత ఉండాలి, పొగరు ఎంత ఉండాలి అన్నది ఒక్కటే ఇంకా తేలలేదు.

సీఈఓ అన్నారు కదా అని పెద్ద కంపెనీ అనుకోనక్కర్లేదు. అందులో ఉన్నది ఇద్దరే. ఇతను సీఈఓ, ఇతని భార్య తమ్ముడు సాంకేతిక అధిపతి. నాలుగో అంతస్తులోని వాళ్ళ ఇంట్లో మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న సందు ప్రధాన కార్యాలయం. ఏడాది కిందట నిక్షేపంలాంటి ఉద్యోగానికి నీళ్ళొదిలి అతను ఆ సందులో చేరాడు. అప్పటినుంచీ ఇల్లు భార్య జీతం మీద నడుస్తోంది. ఏడాది చూస్తానని ఆవిడ ముందే చెప్పింది. ఆ ఏడాది నిన్నటితో నిండింది. మేనేజరు పాపం మంచివాడు కాబట్టి, ఖాళీ అయిన పాత కుర్చీని ఇవాళ సాయంత్రం అయిదింటి వరకు ఎవరికీ ఇవ్వనన్నాడు.

"సీఈఓ గారూ," అంది భార్య ఆఫీసుకి బయలుదేరుతూ. ఆవిడ ఆ పిలుపు పిలిస్తే పక్కింటివాళ్ళకి కూడా నవ్వొస్తుంది. "అయిదింటిలోపు ఆవిడ మీకు సరే అనాలి, లేదా మీరు మేనేజరుకి సరే అనాలి. రెండిట్లో ఏదో ఒక సరే నా చెవిన పడాలి. మూడో మాట వద్దు."

"నువ్వు సాయంత్రం వచ్చేసరికి చరిత్ర మారిపోతుంది," అన్నాడతను.

"చరిత్ర సంగతి సరే, తడి తువ్వాలు మంచం మీద వెయ్యకండి," అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఇంతకీ చరిత్రను మార్చబోయే వస్తువు ఏమిటంటే, బట్టలకు పెట్టే క్లిప్పు. మామూలు క్లిప్పు కాదు, తెలివైన క్లిప్పు. తడి బట్టకు పెడితే అది ఎంతవరకు ఆరిందో కనిపెట్టి ఫోనుకి కబురు పంపుతుంది. "మీ ఎడమకాలి మేజోడు అరవై రెండు శాతం ఆరింది" అన్నమాట. ప్రతి క్లిప్పుకీ ఒక నంబరు ఉంటుంది. ఏ నంబరు క్లిప్పుకి ఉన్న బట్ట ఎవరిదో ఫోనులో ఉంటుంది. "చేత్తో ముట్టుకుంటే తెలీదా?" అని అడిగినవాళ్ళు ఈ ఏడాదిలో చాలామందే ఉన్నారు. వాళ్ళందరినీ సీఈఓ ఒకే జాలి చూపు చూసి వదిలేశాడు. పైగా అతని దగ్గర సర్వే ఉంది. "మీ బట్టలు ఎంత ఆరాయో క్షణక్షణం తెలిస్తే మీకు అభ్యంతరమా?" అని రెండు వందల మందిని అడిగాడు. అభ్యంతరం లేదని నూట ఎనభై మంది చెప్పారు. మిగతా ఇరవై మంది ఒంట్లో ఎలా ఉందని అడిగారు. తొంభై శాతం జనం ఈ క్లిప్పు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారని అతను రాసుకున్నాడు.

అతను స్నానానికి వెళ్ళబోతుండగా ఫోను మోగింది. ఇన్వెస్టర్ మేడమ్ పంపిన సందేశం అది. బొమ్మలు, లెక్కలు చాలా చూశాననీ, ఇవాళ మాత్రం నిజమైన ఇళ్ళవాళ్ళ నిజమైన బట్టలు చూపించమనీ అందులో ఉంది. సీఈఓ డాబా మీదికి పరిగెత్తాడు. తీగల మీద ఒక తువ్వాలు, ఒక మసిగుడ్డ వేలాడుతున్నాయి. నూట ఇరవై క్లిప్పులకి రెండు గుడ్డలు.

"ఒరేయ్, బిల్డింగులో ఎవరూ బట్టలు ఉతుక్కోవట్లేదేంట్రా?" అన్నాడు బావమరిదితో.

"ఏమో బావా. మనం వాడకందారుల అలవాట్లు ఇంకా చదవలేదుగా," అన్నాడు బావమరిది.

చదవడానికి పెద్ద గ్రంథమేమీ లేదు. కింది అంతస్తులో అందరికీ కలిపి ఉన్న బట్టలుతికే మెషిన్ చెడిపోయి నెల దాటింది. సొంత మెషిన్ ఉన్న ఇళ్ళు మూడో నాలుగో. తక్కినవాళ్ళ ఇళ్ళలో మాసిన బట్టలు గుట్టలు పడుతున్నాయి. మెషిన్ మూతకి అంటించిన "త్వరలో బాగుచేయబడును" అనే కాగితం కూడా పసుపు రంగుకి తిరిగింది. సీఈఓ రోజూ దాని పక్కనుంచే, ప్రపంచానికి ఇంకా ఏ సమస్యలున్నాయా అని దీర్ఘంగా ఆలోచించుకుంటూ నడిచి వెళ్ళేవాడు.

ఏడున్నరకి అతను మొదటి అంతస్తు లాయరుగారి తలుపు తట్టాడు.

"కొన్ని తడి బట్టలు కావాలండీ."

లాయరు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "తడివి లేవు. మాసినవి ఉన్నాయి."

"మాసినవైనా పరవాలేదు. తడపడం మేం చూసుకుంటాం. ఆరాక ఇంటికి తెచ్చిస్తాం. మీరేమీ ఇవ్వక్కర్లేదు."

"ఎక్కడైనా సంతకం పెట్టాలా?"

"అబ్బే, అవసరం లేదండీ."

ముప్పై ఏళ్ళ వృత్తిలో సంతకం అడగని మనిషిని లాయరు చూడటం అదే మొదటిసారి. ఆయన మరో మాట మాట్లాడకుండా లోపలికి వెళ్ళి మూడు మూటలు తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. తలుపు వేసుకోగానే బిల్డింగు వాళ్ళందరూ ఉండే ఫోను గ్రూపులో ఇలా రాశాడు: "నాలుగో అంతస్తువారు ఉచితంగా బట్టలు ఉతికి, ఆరేసి, ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మనసు మార్చుకునేలోపు వెళ్ళండి."

ఎనిమిది కాకముందే సీఈఓ ఇంటి ముందు మెట్ల మీద వరస మూడో అంతస్తు దాకా దిగింది. ఒకరి చంకలో దుప్పట్లు, ఒకరి బుట్టలో కర్టెన్లు, ఒకరి భుజం మీద ఏకంగా సోఫా తొడుగు. సీఈఓ కళ్ళు చెమర్చాయి.

"చూశావురా? మార్కెట్ మన గుమ్మంలోకి నడిచొచ్చింది," అన్నాడు బావమరిది భుజం పట్టుకొని.

రెండో అంతస్తు డ్రాయింగ్ టీచరు మొహమాటంగా అడిగింది. "దుప్పటి కూడా తీసుకుంటారా అండీ? చాలా పెద్దది."

"తప్పకుండా తీసుకుంటాం. మా క్లిప్పు ప్రతిభ దుప్పటిలోనే బయటపడుతుంది."

క్లిప్పేమిటో ఆవిడకి బోధపడలేదు. ఊరికే పని చేసిపెట్టేవాళ్ళని ఎక్కువ ప్రశ్నలు అడగకూడదని మాత్రం తెలుసు. దుప్పటి ఇచ్చేసి, ఇంకోటి తేవడానికి గబగబా కిందికి దిగింది.

ఈ సందడికి వంటింట్లోంచి అత్తగారు బయటికొచ్చింది. ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో బట్టల గదిని ముప్పై ఏళ్ళు చూసుకొని రిటైరైంది. రోజుకి నాలుగు వందల దుప్పట్లు ఆవిడ చేతుల మీదుగా పోయి వచ్చేవి. ఒక్క దిండుగలీబు కూడా వార్డు మారలేదని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. కూతురి ఇంటికొచ్చాక ఆవిడని ఎవరూ ఏ సలహా అడగలేదు. అల్లుడైతే అసలే అడగలేదు.

"ఆగండి అల్లుడుగారూ. నీళ్ళలో వెయ్యకముందు ప్రతిదానికీ గుర్తు కుట్టాలి. ఇంటికో రంగు దారం," అంది.

"గుర్తులెందుకు అత్తయ్యా? ఏ బట్ట ఎవరిదో క్లిప్పుకి తెలుసు."

"క్లిప్పుకి తెలుసు సరే. క్లిప్పు ఊడిపోతే?"

"మా క్లిప్పు ఊడదు. అయినా ఇన్వెస్టర్ వచ్చి దారాలు చూసిందంటే మన పరువేం కాను? సూదీ దారంతో నడిచే కంపెనీ అనుకోదూ?"

ఆవిడ దారపు డబ్బా తెచ్చుకొని మూటల పక్కన కూర్చుంది. సీఈఓ ఆ సంగతి పట్టించుకోలేదు. అతనప్పుడు బక్కెట్టులో లాయరుగారి చొక్కాలు ముంచి తీస్తున్నాడు. సబ్బు జోలికి పోలేదు.

"ఉతకరా?" అంది ఆవిడ నోరు వెళ్ళబెట్టి.

"ఉతకడం మన పరిధిలోకి రాదు అత్తయ్యా. మనది ఆరడం. మురికి వేరే కంపెనీ సమస్య."

ముప్పై ఏళ్ళ ఆసుపత్రి ఆ మాటను భరించలేకపోయింది. ఆవిడ బక్కెట్టు అతని చేతిలోంచి లాక్కుంది. ఇంట్లో ఉన్న చిన్న మెషిన్ని నాలుగుసార్లు తిప్పింది, పట్టనివాటిని స్నానాలగదిలో సబ్బుపెట్టి ఉతికింది, కొడుకు చేత జాడింపించింది. పదిన్నరకి పంతొమ్మిది ఇళ్ళ బట్టలు డాబా మీద ఆరు వరసల్లో వేలాడాయి. ఏ బట్ట ఎవరిదో అత్తగారు చెబుతుంటే సీఈఓ వాటికి నూట ఇరవై క్లిప్పులు పెట్టి, ఆ ఇళ్ళవాళ్ళ ఫోను నంబర్లు ఎక్కించి, టై సర్దుకొని, తనని తానే మనసులో మెచ్చుకున్నాడు.

పదకొండింటికి ఇన్వెస్టర్ మేడమ్ వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. డాబా మీద పెట్టిన తెరలో ఆరిన శాతాల అంకెలు పెరుగుతుంటే కాసేపు చూసి, "ఇది ఎవరి బాధ తీరుస్తుంది?" అని అడిగింది.

"తడికీ పొడికీ మధ్య ఉన్న అనిశ్చిత స్థితిని..."

"స్థితి కాదు, మనిషి. ఒక మనిషిని చూపించండి."

సీఈఓ కళ్ళు మనిషి కోసం డాబా అంతా వెతికాయి. ఇంతలో ఫోను గణగణలాడింది. "అభినందనలు! మీ చేతిరుమాలు నూరు శాతం ఆరింది." అతను విజయగర్వంతో తీగ వైపు చెయ్యి చాపాడు. అందరూ అటు చూశారు. క్లిప్పు టిక్కుమని నోరు తెరిచింది. చేతిరుమాలు గాల్లోకి లేచి, పిట్టగోడ దాటి, వీధిలోకి వెళ్ళిపోయింది.

"ఇదేంట్రా?" అన్నాడు సీఈఓ గొంతు తగ్గించి.

బావమరిది మొహం వెలిగిపోతోంది. "నీకు చెప్పకుండా పెట్టాను బావా. కొత్త సదుపాయం! బట్ట ఆరగానే క్లిప్పు దానంతటదే వదిలేస్తుంది. మనిషి వచ్చి తియ్యక్కర్లేదు."

"వదిలేస్తే ఎవరు పట్టుకుంటారు?"

బావమరిది కాస్త ఆలోచించాడు. "అది తరవాతి వెర్షన్లో చూద్దామనుకున్నాను."

ఆ రోజు ఎండ బాగా కాసింది. గాలి అంతకంటే బాగా వీచింది. పల్చటి బట్టలు ముందు ఆరతాయి. ముందు ఎగిరేవి కూడా అవే. టిక్, టిక్, టిక్ మంటూ క్లిప్పులు ఒకదాని తరవాత ఒకటి తమ బాధ్యత తీర్చుకున్నాయి. లాయరుగారి తెల్లచొక్కా ఎదురుగా ఉన్న క్షౌరశాల బోర్డుకి చుట్టుకుంది. ఎవరిదో గౌను సైకిలు మీద పోతున్న పోస్ట్‌మ్యాన్ మొహాన్ని కప్పేసింది. కూడలిలో ట్రాఫిక్ పోలీసు వాహనాలను ఆపడానికి చెయ్యి చాచి నిలబడితే, ఆ చేతి మీద ఒక పైజమా వచ్చి పద్ధతిగా వాలింది. అతను చెయ్యి దించలేదు. వాహనాలు కదల్లేదు. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తియ్యడం మొదలుపెట్టారు.

"ఆపరా! ఆపు!" అని సీఈఓ గావుకేక పెట్టాడు.

"ఆపాలంటే అన్ని క్లిప్పుల్నీ ఒకసారి ఆర్పి వెలిగించాలి బావా. ఇదిగో, అయిపోయింది," అంటూ బావమరిది మీట నొక్కాడు.

డాబా అంతా నిశ్శబ్దమైంది. సీఈఓ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తరవాత మిగిలిన డెబ్బై క్లిప్పులూ ఒక్కసారిగా నోళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకున్నాయి.

"వెలిగేటప్పుడు ఒకసారి నోరు తెరిచి చూసుకుంటాయి బావా. పరీక్ష అన్నమాట," అన్నాడు బావమరిది సన్నగా.

ఆరినవి, ఆరనివి అన్న తేడా లేకుండా అన్నీ రాలిపోయాయి. కర్టెన్లు కింది అంతస్తుల కిటికీలకి తగులుకుంటూ దిగాయి. డ్రాయింగ్ టీచరు పెద్ద దుప్పటి, ఇంకా సగం తడిగా ఉన్నది, ఎక్కడికీ పోకుండా తిన్నగా మేడమ్ నెత్తిన పడింది.

దుప్పటి లోపలినుంచి ఒక గొంతు ప్రశాంతంగా వినిపించింది. "డెమో అయిపోయిందా?"

అప్పటికే బిల్డింగులో అందరి ఫోన్లకీ అభినందనలు అందాయి. జనం సంతోషంగా బట్టల కోసం బయలుదేరి, వాటిని వీధిలో చూసి కొయ్యబారిపోయారు. పావుగంటలో తడివీ పొడివీ కలిపి కింది మెషిన్ గదిలో గుట్టగా పోశారు. క్లిప్పులు పైన, బట్టలు కింద. ఏ బట్ట ఎవరిదో తెలిసిన క్లిప్పు ఇప్పుడు ఏ బట్టనీ పట్టుకొని లేదు. లాయరూ మూడో అంతస్తు ఆసామీ ఒకే తెల్లచొక్కాని చెరో వైపూ పట్టుకొని వాదించుకుంటున్నారు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి మొగుడి బట్టల్లో ఎవరిదో గౌను దొరికిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మొగుడు గుడ్లప్పగించి సీఈఓ వైపు చూశాడు. సీఈఓకి నిజంగానే ఏడుపొచ్చింది. మేడమ్ తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. అంతకంటే అవమానం ఇంకోటి ఉంటుందని అతనికి తోచలేదు.

అత్తగారు ఒక కుర్చీ, కళ్ళజోడు తీసుకొని దిగింది. తెల్లచొక్కా అందుకొని కాలరు తిప్పింది. "నీలం దారం. మొదటి అంతస్తు. లాయరుగారూ, తీసుకోండి. గౌనుకి ఆకుపచ్చ దారం, టీచరుగారిది. ఊరుకో తల్లీ, నీ మొగుడికేం పాపం తెలీదు."

"గుర్తులు వద్దన్నాను కదా అత్తయ్యా?" అన్నాడు సీఈఓ.

"వద్దన్నారనే లోపలివైపు కుట్టాను."

మధ్యాహ్నం రెండు కల్లా గుట్ట కరిగిపోయింది. తడివి మళ్ళీ పైకెళ్ళి, ఈసారి మామూలు క్లిప్పులతో ఆరాయి. ఒక్క మేజోడు కూడా దారి తప్పలేదు. వెళ్ళేముందు ప్రతివాళ్ళూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారమ్మా?" ఈసారి ఊరికే వద్దనీ, ఎంతైనా ఇస్తామనీ లాయరు స్వయంగా అన్నాడు. అది ఆయన నోటివెంట వచ్చే మాట కాదు.

మేడమ్ డ్రాయింగ్ టీచరుని ఆపింది. "మీ బట్టలు ఎంత ఆరాయో ఫోనులో చూసుకున్నారా?"

"ఫోనులోనా? ఏదో అభినందనలని వచ్చిందండీ. లాటరీ మోసం అనుకొని తీసేశాను."

మేడమ్ తలూపి, అత్తగారి ఎదురుగా స్టూలు లాక్కొని కూర్చుంది. "ఈ కంపెనీలో మీరెవరండీ?"

"నేనెవర్నీ కాదమ్మా. ఆయనకి అత్తగార్ని."

సీఈఓ చటుక్కున మధ్యలోకొచ్చాడు. "మేడమ్, మీరు గమనించాలి. ఇదంతా మా క్లిప్పు వల్లే జరిగింది."

"బట్టలు వీధిలో పడటం మీ క్లిప్పు వల్ల," అంది మేడమ్. "ఇళ్ళకి చేరడం ఈవిడ వల్ల." తరవాత ఆవిడ అతని వైపు తిరగలేదు. "మీకేం కావాలమ్మా?"

అత్తగారు చెడిపోయిన మెషిన్ని చూపించింది. "ఇది బాగుచేయించి, ఇంకో రెండు పెట్టిస్తే ఈ బిల్డింగు బట్టలు నేను చూసుకుంటాను. పని కుదిరాక పక్క బిల్డింగు. అంతకుమించి నాకేం తెలీదు."

"సరే," అంది మేడమ్.

ఏడాదిపాటు సీఈఓ అద్దం ముందు నిలబడి ఆ మాట కోసం ప్రసంగాలు దంచాడు. అది స్టూలు మీద కూర్చున్న మనిషి నోట, తన వైపు కూడా చూడకుండా, రెండు అక్షరాల్లో వచ్చి వెళ్ళిపోయింది. బావమరిది మెల్లగా తల్లి పక్కకి జరిగాడు. "అమ్మా, మెషిన్ రిపేరు నేను చేస్తాను." ఆవిడ సరేనంది.

"మరి నేను?" అన్నాడు సీఈఓ.

అత్తగారికి జాలేసింది. అల్లుడంటే ఆవిడకి కోపమేమీ లేదు, పని అప్పగించే ధైర్యం మాత్రం లేదు. "మీకు ఉద్యోగం ఉందిగా అల్లుడుగారూ. ఇంకా అయిదు కాలేదు," అంది మెత్తగా.

నాలుగూ యాభైకి అతను ఫోను పట్టుకొని హాల్లో నిలబడ్డాడు. ఆఫీసునుంచి తొందరగా వచ్చిన భార్య చెప్పులైనా విప్పకుండా ఎదురుగా నిలబడింది. ఆవిడకి సంగతంతా తల్లి చెప్పేసింది.

"సార్, నేను," అన్నాడతను మట్టిగొట్టుకుపోయిన మొహంతో. "ఆ కుర్చీ..."

"నువ్వా! వీడియో చూశానయ్యా!" అని మేనేజరు అరిచాడు. సీఈఓ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "పైవాళ్ళు కూడా చూశారు. సొంత కంపెనీ పెట్టి దెబ్బతిన్న మనిషి కోసం నెలరోజులుగా వెతుకుతున్నాం. ఆ అనుభవం కొంటే దొరికేదా? పాత కుర్చీ వద్దులే. కొత్త ఆవిష్కరణల విభాగం పెడుతున్నాం, దానికి నువ్వే అధిపతివి. చేతికింద ఆరుగురు. ఏమంటావు?"

అతను కళ్ళు తెరిచాడు. వంగిన నడుము నిటారైంది. పొద్దున్నుంచీ పోయిన పొగరంతా ఒక్కొక్క మెట్టే ఎక్కి మొహంలోకి వచ్చేసింది. "ఆలోచించి చెప్తాను సార్," అనబోయి, భార్య చూపు చూసి, "సరే" అన్నాడు.

భార్య చెప్పులు విప్పింది.

కింది గదిలో ఇప్పుడు అయిదు మెషిన్లు తిరుగుతున్నాయి, అత్తగారికి రెండు బిల్డింగుల పని క్షణం తీరికనివ్వడం లేదు. కొత్త ఆవిష్కరణల విభాగానికి మొన్నటితో ఆరునెలలు నిండాయి. పరిష్కారాలు పద్నాలుగు సిద్ధంగా ఉన్నాయి, సమస్యే ఇంకా దొరకలేదు.